వ్యాకరణం డాక్టరు

ఏప్రిల్ 9

డైరీ అట్ట చింపేశాను. దాని మీద టోపీవాళ్ళ చిహ్నం ఉంది, ఇప్పుడది ఇంట్లో దొరికితే లేనిపోని గొడవ. లోపలి కాగితం మాత్రం బాగుంది. ఏడాదికోసారి యూనివర్సిటీ మా మొహాన కొట్టేది ఇదొక్కటే, పారేయడానికి మనసొప్పలేదు.

టోపీవాళ్ళు, కోటువాళ్ళు అనేవి అత్తయ్య పెట్టిన పేర్లు. ప్రభుత్వాల అసలు పేర్లకు ఆవిడకు నోరు తిరగదు. వినీ వినీ నాకూ అవే అలవాటైపోయాయి.

మా ఆయన డాక్టరేటు వైవా మళ్ళీ ఖాయమైంది. పోయినసారి టోపీవాళ్ళు ఆపేశారు. ఈయనగారి పరిశోధన పేరు ‘సంధి జరగని సందర్భాలు’. రెండు మాటలు పక్కపక్కనే ఉండి కూడా ఎందుకు కలవవు అన్నది విషయం. అచ్చుల గొడవ తప్ప అందులో ఇంకేం లేదు. టోపీవాళ్ళ సెన్సారు ఆఫీసరు పేరు చూసి, యుద్ధం జరుగుతుంటే సంధి గురించి రాతలేమిటి, శత్రువుతో రాజీ పడమంటున్నాడా అన్నాడు. వ్యాకరణంలో సంధి వేరండీ అని చెప్పబోతే, “వేరే అయితే వేరే పేరు పెట్టుకోమనండి” అన్నాడట. ఇప్పుడొచ్చిన కోటువాళ్ళు శాంతి చర్చలంటూ ఊరేగుతున్నారు. వాళ్ళకు ఆ పేరు తెగ నచ్చేసింది. ఒక్క పేజీ తిప్పకుండా, త్వరగా కానివ్వండి అన్నారు.

చర్చలు చర్చలే, యుద్ధం యుద్ధమే. నది అవతల ఫిరంగులు ఆగలేదు. డాక్టరేటు లేని మగ లెక్చరర్లను ఈ టర్ము అయ్యాక సైన్యంలోకి పంపుతామని నోటీసు అంటించారు. ఈయనకు నలభై నాలుగు. డాక్టరేటు వస్తే ఇంట్లో ఉంటారు, రాకపోతే తుపాకీ పడతారు. గడ్డం గీసుకుంటూ చిన్న గాటు పడితే నన్ను కేకేసి, కళ్ళు మూసుకుని కుర్చీలో కూలబడే మనిషి.

ఏప్రిల్ 11

వైవాకి తానూ వస్తానంటోంది అత్తయ్య. అదేం సినిమా కాదు అత్తయ్యా అన్నాను. “మరి నువ్వెందుకు వెళ్తున్నావ్?” అంది.

ఏప్రిల్ 16

వచ్చింది! వచ్చింది, వచ్చింది.

వరుసగా రాస్తాను, లేకపోతే రేపు నేనే నమ్మను. వ్యాకరణం డిపార్ట్‌మెంటులో బెంచీలు లేవు. హాస్టల్లో దిగిన సైనికులు పొయ్యిలోకి పట్టుకుపోయారు. అత్తయ్యను, నన్ను వరండాలో పాత పేపర్ల కట్టల మీద కూర్చోబెట్టారు. ఆ డిపార్ట్‌మెంటులో ఒక ఆచారం ఉంది. ఫలితాన్ని ఎవరూ ప్రకటించరు. అభ్యర్థిని బయటికి పంపి, లోపల మాట్లాడుకుని, హెడ్ తలుపు తీస్తారు. “లోపలికి రావయ్యా” అంటే పోయినట్టు. “డాక్టరు గారూ, రండి” అంటే వచ్చినట్టు.

బయటి పరీక్షకుడు నది అవతలి యూనివర్సిటీ ప్రొఫెసరు. వంతెన మూసేశారు కాబట్టి టెలిఫోనులో ప్రశ్నలు అడిగాడు. మూడో ప్రశ్న సగంలో లైను తెగిపోయింది. ఆ సగం ప్రశ్నకు ఈయన పూర్తి జవాబు చెప్పారట. అవతల వినేవాడు లేడు. హెడ్‌ను మేమంతా ‘సరేసార్’ అంటాం, ఏ ప్రభుత్వం ఏం చెప్పినా ఆయన అనేది అదే. ఆయన ఆ జవాబుకు కూడా సరే అన్నారు.

తలుపు తీశారు. ఈయన గోడవైపు తిరిగి నిలబడి ఉన్నారు, చేతులు వణుకుతున్నాయి. “డాక్టరు గారూ, రండి” అన్న మాటకు ఈయన కదల్లేదు. ఎవరినో అనుకున్నారు. అత్తయ్యే వెనకనుంచి ఒక్క తోపు తోసింది.

నాకు ఏడుపాగలేదు. వరండాలో, పేపర్ల కట్టల మీద కూర్చుని, చుట్టూ విద్యార్థులు చూస్తుండగా ఏడ్చాను. సైన్యానికి వెళ్ళక్కర్లేదు. అంతే చాలు.

ఏప్రిల్ 20

అత్తయ్య కన్నకొడుకును పేరు పెట్టి పిలవడం మానేసింది. “డాక్టరు టీ తాగాడా?” “డాక్టరు నిద్ర లేచాడా?” పక్కింటావిడ పిల్లాడి దగ్గు చూపించుకోవడానికి వచ్చింది. “నేను మాటల డాక్టర్నండీ, మనుషుల డాక్టర్ని కాను” అని ఈయన నీళ్ళు నమిలారు. “అన్ని పుస్తకాలు చదివావు, ఒక్క దగ్గు సంగతి తెలియదా?” అని అత్తయ్య కసిరింది. ఆవిడ దృష్టిలో డాక్టరంటే డాక్టరే.

మే 3

ఇవాళ పొద్దున కోటువాళ్ళు లేరు.

మే 10

కొత్తగా వచ్చినవాళ్ళకు అత్తయ్య జెండావాళ్ళని పేరు పెట్టింది. ప్రతి స్తంభానికీ ఒకటి కట్టారు. గడియారాన్ని గంట ముందుకు జరిపారు. మా ఊరు ఇన్నాళ్ళూ వెనకబడి ఉందట.

యూనివర్సిటీకి పేరు మార్చారు. తత్త్వశాస్త్రం మూసేశారు. చరిత్ర వాళ్ళకు పుస్తకాలు తిరగరాసేదాకా సెలవు. నన్ను పిలిచి, ఇకనుంచి లెక్కల్లో త్రికోణమితి ఒక్కటే చెప్పమన్నారు. ఫిరంగి గురి చూడటానికి అదే పనికొస్తుందట. మిగతా లెక్కలో? “తర్వాత చూద్దాం మేడమ్.” ఇరవై ఏళ్ళు పిల్లలకు నేర్పిన సబ్జెక్టు తర్వాత చూద్దాంలో కలిసిపోయింది. నేను సరేనన్నాను. సరేసార్‌ను వెక్కిరించే అర్హత నాకు లేదు.

మెడికల్ కాలేజీ ఖాళీ. ప్రొఫెసర్లంతా కోటువాళ్ళతో పాటు నది దాటిపోయారు, కత్తులూ కత్తెర్లూ కూడా మూటగట్టుకుని.

కోటువాళ్ళిచ్చిన పట్టాలన్నీ పరిశీలనలో ఉన్నాయని నోటీసు. ఈయన అది చదివి ఇంటికొచ్చి అన్నం తినలేదు. పోనీలెండి, సైన్యం రూలు కూడా వాళ్ళతోనే పోయిందిగా అన్నాను. ఉద్యోగం ఉంది, మనిషి ఇంట్లో ఉన్నారు. ఇంకేం కావాలి?

మే 27

రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆయన్ని తీసుకెళ్ళారు.

మే 28

నేను ఇంట్లో లేను. మధ్యాహ్నం క్లాసులో ఉన్నాను. వచ్చేసరికి అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది, మొహం వెలిగిపోతోంది.

“సైన్యం వాళ్ళొచ్చారమ్మాయ్. ఎంత మర్యాదస్తులనుకున్నావ్! ఈ ఇంట్లో డాక్టరెవరైనా ఉన్నారా అమ్మా అని అడిగారు. ఉన్నాడు బాబూ, మావాడే డాక్టరు అన్నాను. జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు.”

“ఎక్కడికి అత్తయ్యా?”

“ఎక్కడికంటే? డాక్టర్లు కావాలన్నారు.”

ఆయనేమన్నారని అడిగాను. నేను వ్యాకరణం డాక్టర్ని బాబూ అని మొత్తుకున్నారట. ఆ ఆఫీసరు నవ్వి, “పక్క వీధాయన పశువుల డాక్టర్ని అన్నాడండీ. ఇవాళ ఈ ఊళ్ళో మనుషుల డాక్టరే లేడు, చూశారా” అన్నాడట. అత్తయ్య చొక్కాలు సర్ది ఇచ్చింది. మంచివే సర్దింది.

అరిచాను. ఏం అన్నానో గుర్తులేదు. అత్తయ్య కుర్చీలో ముడుచుకుపోయి, “డాక్టరంటే గౌరవమిస్తారనుకున్నానే” అంటూనే ఉంది.

జూన్ 2

లైబ్రరీ రీడింగు హాలు ఇప్పుడు సైనిక నియామక కార్యాలయం. బీరువాలు తీసేసి కౌంటర్లు పెట్టారు. అక్కడి ఆఫీసరు నా దగ్గర లెక్కలు చదివినవాడే. చివరి వరసలో కూర్చునేవాడు, బుద్ధిమంతుడు. లేచి నిలబడి కుర్చీ వేశాడు.

“మేడమ్, సారు డాక్టరు కాదని నాకు తెలుసు. నాకు తెలిస్తే సరిపోదుగా. కాగితం కావాలి.”

“నాకు తెలిసిన నిజం, నీకు తెలిసిన నిజం. ఇంకెవరికి కాగితం?”

“నిరూపించనిది రాయొద్దని మీరే చెప్పేవారు” అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే నా మీద గౌరవంతో అన్నాడు. చెంప ఛెళ్ళుమనిపించాలనిపించింది.

ఆయన్ని ఉత్తరం వైపు సరిహద్దు ఆసుపత్రికి పంపారట. అక్కడ రోజూ గాయపడ్డవాళ్ళు దిగుతున్నారు.

జూన్ 5

సరేసార్ కాగితం రాసిచ్చారు. ‘ఇతడు వ్యాకరణంలో డాక్టరు అని ధ్రువీకరించడమైనది.’ పరుగెత్తుకుంటూ పట్టుకెళ్ళాను. నా శిష్యుడు చదివి, పైఆఫీసరుకు పంపాడు. అది అరగంటలో తిరిగొచ్చింది. ‘డాక్టరు’ అన్న మాట కింద ఎర్ర గీత గీసి ఉంది, పక్కన ‘ధ్రువీకరించారు కదా’ అని.

జూన్ 6

సరేసార్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. డాక్టరు కాడని రాసివ్వమన్నాను. అలా రాస్తే పట్టా అబద్ధమవుతుందమ్మా, ఆ అధికారం నాకు లేదు, పట్టాల పరిశీలన సంఘానికే ఉంది అన్నారు. పోనీ ఆ సంఘం ఎక్కడుందంటే, కెమిస్ట్రీ ల్యాబులో కూర్చుందట. అపాయింట్‌మెంటుకు ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు.

జూన్ 19

కాళ్ళరిగేలా తిరుగుతున్నాను. పొద్దున ఫిరంగుల త్రికోణమితి, మధ్యాహ్నం కెమిస్ట్రీ ల్యాబు వరండా. నేను లెక్క చెప్పిన పిల్లల్లో సగం మంది టర్ము మధ్యలోనే వెళ్ళిపోయారు. వాళ్ళు గురి చూస్తారు, ఎవరో పడతారు, ఆ పడినవాళ్ళను ఎవరో ఆయన ముందుకు మోసుకొస్తారు. ఈ ఆలోచన వస్తే బోర్డు మీద సుద్ద ఆగిపోతోంది. తర్వాత మళ్ళీ రాస్తున్నాను, ఏం చేయను?

జూన్ 24

సరుకుల లారీ డ్రైవరొకడు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన పంపిన కబురు: “బాగానే ఉన్నాను. చేతుల వణుకు తగ్గింది. అమ్మను తిట్టకు.”

చేతుల వణుకు ఎందుకు తగ్గింది?

డ్రైవరుకు టీ ఇచ్చి అడిగాను. “మొదట్లో రెండు మూడుసార్లు పడిపోయారటమ్మా. నర్సమ్మ పక్కన నిలబడి చెబుతుంటే చేసేవారట. ఇప్పుడు ఆవిడ చెప్పక్కర్లేదు. మా బావమరిది కాలు డాక్టరుగారే తీశారు. బతికాడు. ఆయన హస్తవాసి మంచిదమ్మా.”

అత్తయ్య కళ్ళు తుడుచుకుంది, సంతోషంతో. “విన్నావా అమ్మాయ్, హస్తవాసి మంచిదట.”

నేను వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగాను.

జూన్ 25

కాలు తీశారు. మా ఆయన. ఒక మనిషి కాలు.

జూలై 8

సంఘం పిలిచింది. ముగ్గురు. ముందు టేబుల్ మీద గాజు గొట్టాలు పక్కకు నెట్టి కాగితాలు పరిచారు. నా దరఖాస్తు చూసి ఆశ్చర్యపోయారు. అందరూ పట్టా నిలబెట్టమని వస్తారు, రద్దు చేయమని వచ్చింది మీరొక్కరే అన్నాడు మధ్యలో కూర్చున్నాయన.

ఏ కారణంతో రద్దు చేయమంటారని అడిగితే ముందే అనుకున్నది చెప్పాను. టెలిఫోను తెగిపోయింది, బయటి పరీక్షకుడు మూడో ప్రశ్న పూర్తి చేయలేదు, జవాబు వినలేదు, కాబట్టి పరీక్ష పూర్తికాలేదు. ఒక్కొక్క మెట్టూ సరిగ్గా పేర్చాను.

“అంటే మీ భర్త ఆ పట్టాకు అర్హుడు కాదంటారా?”

“కాదంటాను.”

ఇన్నేళ్ళు దీపం ముందు ఒంగి కూర్చున్న ఆ వీపు గుర్తొచ్చింది. అయినా మాట తడబడలేదు. మధ్యాయన మెచ్చుకున్నాడు. మీలాంటి పౌరులు కావాలమ్మా అన్నాడు.

గుమాస్తా తీర్పు రాసి చదివాడు: ‘ఈ వ్యక్తి ఇకపై డాక్టరు కాడు.’

అక్కడే నా బుర్ర పనిచేసింది. ఇకపై కాడు అంటే ఇంతవరకూ అయినట్టేగా? ఎర్ర గీతల ఆఫీసరు దాన్నే పట్టుకుంటాడు. తీసుకెళ్ళిన రోజుకు డాక్టరే కదా, నియామకం చెల్లుతుంది అంటాడు. అలా కాదండీ, ‘ఇకపై’ కొట్టేసి ‘ఎప్పుడూ’ అని రాయండి అన్నాను. పరీక్షే పూర్తికానప్పుడు పట్టా మొదటినుంచీ లేనట్టేగా అని వాదించాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుమాస్తా విసుక్కుంటూ కొట్టివేసి, మళ్ళీ రాశాడు.

‘ఈ వ్యక్తి ఎప్పుడూ డాక్టరు కాడు.’

ఇప్పుడు దాన్ని ఎవరూ ఏమీ చేయలేరు. ఒక సందు కూడా లేదు.

జూలై 9

నా శిష్యుడు కాగితం చదివి, నవ్వి, “ఇదండీ మేడమ్, ఇలా ఉండాలి” అన్నాడు. ఈరోజే పైకి పంపుతానన్నాడు. వారం రోజుల్లో సారు ఇంట్లో ఉంటారన్నాడు. అన్నమాట నిలబెట్టుకునే కుర్రాడు.

సంఘం తీర్పు నోటీసు బోర్డులో పెట్టారు, నా మెచ్చుకోలుతో సహా. స్టాఫ్ రూములో నేను అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. మొగుడు యుద్ధంలో ఉంటే పట్టా ఊడబీకించింది అనుకుంటున్నారు. అనుకోనీ. ఆయన వచ్చాక వాళ్ళే నాలుక కరుచుకుంటారు.

జూలై 11

ఆయన బల్ల సర్దాను. అత్తయ్య దుప్పట్లు ఉతికి ఆరేసింది. పట్టా పోయిందని ఆవిడకు చెప్పలేదు. కొడుకొచ్చాక చెప్పొచ్చు, చేతికందిన కొడుకు ముందు పట్టా ఎంత!

జూలై 17

రాలేదు.

జూలై 18

రాలేదు. ఉత్తరం వైపు రోడ్లు బాగాలేవట.

జూలై 21

వర్షాలు కదా, ఆలస్యమవుతుంది. అక్కడ అప్పగింతలు కూడా ఉంటాయి. ఈయన ఏ పనైనా మధ్యలో వదిలి వచ్చే మనిషి కాదు.

జూలై 25

కార్యాలయానికి వెళ్ళాను. నా శిష్యుడు ఈసారి నా మొహంలోకి చూడలేదు. తలుపు దగ్గరికి వేసి చెప్పాడు.

“సార్‌ను అరెస్టు చేశారు మేడమ్.”

ఎందుకు అని అడిగానో లేదో. అడిగే ఉంటాను.

“ఎప్పుడూ డాక్టరు కానివాడు డాక్టరుగా ఆసుపత్రిలో చేరి, మా సైనికులకు కోతలు కోశాడు అన్నది కేసు. కొంతమంది చనిపోయారు కదా మేడమ్. అక్కడ ఎవరు కోసినా కొంతమంది చనిపోతారు. కానీ ఇప్పుడు అవన్నీ సారు మీద పడ్డాయి.”

“వద్దంటే మీరే కదా తీసుకెళ్ళింది? నేను డాక్టర్ని కానని ఆయన మొత్తుకోలేదా?”

“అది ఎక్కడా రాసిలేదు.”

చాలా మెల్లగా, “ఇకపై కాడని రాసి ఉంటే, అప్పటిదాకా చేసినది చెల్లేది మేడమ్. నేనూ గమనించలేదు. క్షమించండి” అన్నాడు.

ఆ కాగితం వెనక్కి ఇచ్చేయమన్నాను. ఇవ్వయ్యా, చింపేస్తాను అన్నాను. ఫైల్లో ఉందన్నాడు. ఫైలెక్కడ? కోర్టులో.

జూలై 26

ఇకపై.

ఇకపై అని రాసి ఉంచితే సరిపోయేది. గుమాస్తా రాశాడు కూడా.

జూలై 30

మా పిన్ని కొడుకు లాయరు. తమ్ముడని కూడా చూడకుండా వాడి కాళ్ళు పట్టుకోబోయాను. ఇది యుద్ధకాలపు కోర్టు, శిక్ష సంగతి మాత్రం నన్నడక్కక్కా అన్నాడు. అడక్కుండానే తెలిసింది.

పట్టా తిరిగి నిలబెట్టించగలిగితే దారి ఉందన్నాడు. కెమిస్ట్రీ ల్యాబుకు పరుగెత్తాను. సంఘం పని ముగించుకుని వెళ్ళిపోయిందట. గొట్టాలన్నీ మళ్ళీ యథాస్థానంలో ఉన్నాయి. అక్కణ్ణించి సరేసార్ దగ్గరికి వెళ్ళాను. వ్యాకరణం డిపార్ట్‌మెంటు బోర్డు పీకేశారు, ఆయన ఒక్కరే లోపల పెట్టె సర్దుకుంటున్నారు. వైవా సరిగ్గా జరిగిందని, టెలిఫోను తెగలేదని రాసివ్వండి సార్ అన్నాను. ఆయన పెట్టె మూత వేశారు.

“కుదరదమ్మా. తెగిందని నువ్వే సాక్ష్యం చెప్పావు” అన్నారు.

ఆగస్టు 4

చూడనిచ్చారు.

జైలు అంటే మా ఆడపిల్లల హాస్టలే. చదువుకునే రోజుల్లో నేనున్నది. భోజనం అందించే కిటికీలోంచి మాట్లాడమన్నారు. ఆయన చిక్కిపోయారు. గోళ్ళు చాలా శుభ్రంగా ఉన్నాయి. చేతులు నిజంగానే వణకడం లేదు. ఆ చేతులు పట్టుకోవడానికి నాకు క్షణం పట్టింది, అది ఆయన గమనించారు.

“ఎంతమందో నా నిద్దట్లోకి వచ్చి నన్ను ‘డాక్టరుగారూ’ అని పిలుస్తారు” అన్నారు. “పలుకుతూ ఉండాలి. పలక్కపోతే భయపడతారు.”

అమ్మ ఎలా ఉందని అడిగారు. క్లాసులు ఎలా ఉన్నాయని అడిగారు. బాగానే ఉన్నాయన్నాను, తీర్పు సంగతి ఎత్తలేదు. తర్వాత ఆయనే ఎత్తారు.

“తీర్పు కాగితం చదివి వినిపించారు నాకు. ‘ఎప్పుడూ డాక్టరు కాడు.’ ఎవడు రాశాడో గానీ భాష తెలిసినవాడే. మొదట ‘ఇకపై’ అని ఉందట, కొట్టేసి మార్చారట. భూతకాలం కూడా మిగల్చలేదు చూడు.” కొంచెం నవ్వారు కూడా, మంచి వాక్యం దొరికితే నవ్వినట్టు. “ఎవరు చేయించారో నీకేమైనా తెలిసిందా?”

“తెలియదు” అన్నాను.

“పోనీలే. తెలుసుకుని ఏం చేస్తాం” అన్నారు.

టైమైపోయిందన్నారు. వచ్చేశాను.

ఆగస్టు 6

చెప్పేద్దామనే వెళ్ళాను నిజానికి. ఆ పరిస్థితిలో ఉన్న మనిషికి ఏం చెబుతాం? ఆయన మనసు కష్టపెట్టడం తప్ప ఏం ఒరుగుతుంది? బయటికి వచ్చాక నెమ్మదిగా కూర్చోబెట్టి చెబుతాను.

ఆగస్టు 9

విచారణ సోమవారం. తమ్ముడు ఇంటికొచ్చాడు. ఒక్కటే ఆశ ఉందన్నాడు. తనంతట తానుగా డాక్టర్నని ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు, తల్లి తెలియక చెప్పింది, వాళ్ళు తీసుకెళ్ళారు, అని అత్తయ్య కోర్టులో చెప్పాలి. తప్పంతా పెద్దావిడ మీద వేసుకోవాలి. కాగితం ఎవరడిగి రాయించారన్న సంగతి నువ్వెత్తకు అక్కా, ఎత్తితే కేసు చిక్కుపడుతుంది అన్నాడు. లాయరు మాట కాదనడానికి నేనెవర్ని?

వాడు వెళ్ళాక అత్తయ్య వంటింట్లోకి వచ్చింది. పొయ్యి దగ్గర నేను నిలబడి ఉన్నాను. వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

“నా నోరు పడిపోనమ్మాయ్. నా బిడ్డను నేనే పట్టిచ్చాను. డాక్టరు, డాక్టరు అని ఊరంతా చెప్పుకుని, చివరికి వాళ్ళకీ చెప్పాను. వాడికేమైనా అయితే నా మొహం నీకెలా చూపించను? నువ్వు ఇన్ని రోజులూ ఆఫీసుల చుట్టూ తిరిగి వాడి కోసం ఎంత చేశావో నేను చూళ్ళేదా? నన్ను క్షమించవే తల్లీ.”

ఆవిడ నా కాళ్ళ వైపు ఒంగబోతోంది. డెబ్భై ఏళ్ళ మనిషి. భుజాలు పట్టుకుని లేపాను. చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచాను, అది మాత్రం నిజం.

“పోనీలెండి అత్తయ్యా” అన్నాను. “మీరేం కావాలని చేశారా. నేనేం మనసులో పెట్టుకోలేదు. క్షమించేశాను.”

చాలా రోజుల తర్వాత అత్తయ్య రెండు ముద్దలు తింది. నేనే కలిపి పెట్టాను.